మలేరియాకు కొత్త మందులు ఎందుకు ఇంత ఆలస్యంగా వస్తాయి?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. క్వినైన్ నుంచి ఆర్టెమిసినిన్ దాకా ఇన్ని మందులు ఉండగా మలేరియాకు మళ్లీ కొత్త మందులు ఎందుకు, ఒక్కో మందు బయటికి రావడానికి పదేళ్లు, పదిహేనేళ్లు ఎందుకు పడుతుంది, జ్వరాన్ని తగ్గించే మాత్రనే ముందుగా వేసుకుంటే జ్వరం రాకుండా ఆపలేమా అని. మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పవచ్చు గాని, ఈ రంగంలో చాలాకాలం పనిచేసినవాడిగా నాకు కనిపించేది ఏమిటంటే, మూడింటి మూలమూ ఒకటే. మలేరియా పరాన్నజీవిని చంపే రసాయనాలకు ప్రయోగశాలలో కొదవ లేదు. ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చే రెండు మందుల జతను కుదర్చడం, ఆ జత డాక్టరు అందుబాటులో లేని చోట తల్లి తన రెండేళ్ల బిడ్డకు ఇచ్చినా ప్రమాదం లేకుండా పనిచేసేలా చూడడం, పరాన్నజీవి దానికి అలవాటు పడకముందే కొన్నేళ్లయినా నిలిచేలా చేయడం, ఇవే అసలు కష్టాలు.

ఆ రెండేళ్ల బిడ్డ ప్రస్తావన ఊరికే తెచ్చింది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26.3 కోట్ల మలేరియా కేసులు వచ్చాయి, 5.97 లక్షల మంది చనిపోయారు. మరణాల్లో సుమారు 95 శాతం ఆఫ్రికాలోనే సంభవించాయి, అక్కడ చనిపోయినవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఐదేళ్ల లోపు పిల్లలు. అంటే మలేరియా మందును ప్రధానంగా వాడవలసింది పసిపిల్లలు. కాని మందును మొదట పరీక్షించేది ఆరోగ్యవంతులైన పెద్దల మీద. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటడానికే చాలా ఏళ్లు పోతాయి.

ముందుగా పరాన్నజీవి సంగతి కొంత తెలియాలి. అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు దాని లాలాజలంతో పాటు ఒంట్లోకి చేరేవి సాధారణంగా స్పోరోజాయిట్లు అనే తొలి రూపంలోని పరాన్నజీవులు, అవీ కొన్ని పదులు మాత్రమే. అవి కాలేయ కణాల్లోకి దూరి, అన్నిటికన్నా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకమైతే సుమారు వారం రోజులు అక్కడే నిశ్శబ్దంగా పెరిగి, ఒక్కోటి వేల సంఖ్యలో పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. అవి ఎర్రరక్తకణాల్లోకి చొరబడి, హిమోగ్లోబిన్‌ను తిని, 48 గంటలకు ఒకసారి కణాన్ని పగలగొట్టుకొని బయటపడి, మళ్లీ కొత్త కణాల్లోకి వెళ్తాయి. చలి, జ్వరం వచ్చేది ఈ దశలోనే. వీటిలో కొన్ని గామెటోసైట్లు అనే లైంగిక రూపాలుగా మారి మరో దోమ కడుపులోకి చేరడానికి వేచి ఉంటాయి. మూడు దశల్లో పరాన్నజీవి ఆహారం, పెరుగుదల వేరు వేరుగా ఉంటాయి కాబట్టి, ఒక దశలో దాన్ని చంపే మందు మరో దశలో బొత్తిగా పనిచేయకపోవచ్చు. క్లోరోక్విన్ రక్తదశను చంపుతుంది, కాలేయదశను తాకనైనా తాకదు.

క్లోరోక్విన్ కథ తెలిస్తే మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1934లో జర్మనీలోని బేయర్ సంస్థలో తయారైన ఆ మందు రెండో ప్రపంచయుద్ధం తరువాత లోకమంతా పాకింది. చవక, తేలిక, మితంగా వాడితే సురక్షితం. 1950ల చివరికల్లా థాయ్‌లాండ్-కంబోడియా సరిహద్దులోనూ కొలంబియాలోనూ దానికి లొంగని ఫాల్సిపారం కనిపించింది, తరువాతి దశాబ్దాల్లో అది ఆఫ్రికా అంతటా వ్యాపించింది. పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను జీర్ణించుకునే సంచిలోకి క్లోరోక్విన్ చేరి పనిచేయాలి. ఆ సంచి గోడ మీద ఉండే ఒక రవాణా ప్రోటీన్‌లో వచ్చిన మార్పు మందును బయటికి తోసేయడం మొదలుపెట్టింది. దాని స్థానంలో వచ్చిన సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌కు నిరోధకత ఇంకా త్వరగా వచ్చింది. మెఫ్లోక్విన్‌కు కూడా ఆగ్నేయాసియాలో అదే గతి పట్టింది. క్వినైన్ ఇప్పటికీ చాలాచోట్ల పనిచేస్తుంది, కాని ఏడు రోజుల పాటు రోజుకు మూడుసార్లు చేదుమాత్ర మింగి, చెవుల్లో హోరు భరించేవారు అరుదు. కోర్సు మధ్యలో మానేసిన మందు పనిచేయని మందుతో సమానం.

ఇప్పటి చికిత్సకు ఆధారం ఆర్టెమిసినిన్. చైనాలో 1967లో మొదలైన సైనిక పరిశోధన పథకంలో టు యూయూ బృందం ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి దాన్ని వెలికితీసింది. మామూలుగా మరిగిస్తే సారం చెడిపోతోందని గమనించి, తక్కువ ఉష్ణోగ్రతలో ఈథర్‌తో తీయడమే అక్కడి మలుపు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మందు పరాన్నజీవిని చంపే వేగం అసాధారణమైనది. ఒక్క 48 గంటల చక్రంలో పరాన్నజీవుల సంఖ్యను సుమారు పదివేలో వంతుకు తగ్గిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి, ఎందుకంటే మలేరియా చికిత్స అంతా దాని మీదే నిలబడి ఉంది. బాగా జబ్బుపడ్డ మనిషి ఒంట్లో లక్ష కోట్ల దాకా పరాన్నజీవులు ఉండవచ్చు. ఆర్టెమిసినిన్ జాతి మందును మూడు రోజులు ఇస్తే అది రెండు చక్రాలను అందుకుంటుంది. మొదటి చక్రంలో లక్ష కోట్లు పది కోట్లవుతాయి, రెండో చక్రంలో పది కోట్లు పదివేలవుతాయి. జ్వరం పోతుంది, సూక్ష్మదర్శినిలో ఏమీ కనిపించదు, రోగి లేచి పనికి పోతాడు. కాని ఆ పదివేలు మిగిలే ఉన్నాయి, ఆర్టెమిసినిన్ మాత్రం గంటల్లోనే రక్తంలోంచి మాయమవుతుంది. అందుకే దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు దశాబ్దాలుగా మొత్తుకుంటోంది. మిగిలినవాటిని తుడిచిపెట్టడానికి రక్తంలో ఎక్కువకాలం నిలిచే మరో మందు తోడుండాలి. ఆర్టెమీథర్‌కు తోడు ల్యూమెఫాంట్రిన్, ఆర్టెసునేట్‌కు అమోడియాక్విన్ గాని మెఫ్లోక్విన్ గాని పైరోనారిడిన్ గాని, డైహైడ్రోఆర్టెమిసినిన్‌కు పైపెరాక్విన్. వీటినే ఏసీటీలు అంటారు.

అయితే ఈ జతలో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి మధ్యాహ్నానికే ఇంటికి వెళ్లిపోతే మిగిలినది సాయంత్రం దాకా ఒంటరిగా నాగలి లాగినట్టు, ఆర్టెమిసినిన్ గంటల్లో వెళ్లిపోయాక తోడు మందు రోజులు, వారాలు ఒక్కటే మిగులుతుంది. ల్యూమెఫాంట్రిన్ సగానికి తగ్గడానికి నాలుగు రోజుల దాకా పడితే, పైపెరాక్విన్‌కు కొన్ని వారాలు పడుతుంది. ఆ తోక కాలంలో మందు మోతాదు క్రమంగా చాలని స్థాయికి పడిపోతుంది. అప్పుడు కొత్త దోమ కుట్టి కొత్త పరాన్నజీవులు చేరితే, వాటిలో ఆ మందును కాస్త తట్టుకోగలిగినవే బతుకుతాయి. కాబట్టి ఎక్కువకాలం నిలిచే మందు రోగికి రక్షణ ఇస్తూనే, ప్రాంతంలోని పరాన్నజీవులకు నిరోధకత నేర్పుతుంది. మందు ఎంతకాలం ఉండాలి అన్నదానికి ఆదర్శమైన జవాబు లేదు.

2008 ప్రాంతంలో పశ్చిమ కంబోడియాలో ఆర్టెసునేట్ ఇచ్చినా పరాన్నజీవులు నెమ్మదిగా తగ్గుతున్నాయని తేలింది. కెల్చ్13 అనే ప్రోటీన్‌లో మార్పులే దీనికి గుర్తు అని కొన్నేళ్లకు కనుగొన్నారు. ఆర్టెమిసినిన్ పనిచేయాలంటే పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను జీర్ణం చేసినప్పుడు విడుదలయ్యే హీమ్‌లోని ఇనుము దాన్ని రాజేయాలి. కెల్చ్13 మారిన పరాన్నజీవి తొలి గంటల్లో హిమోగ్లోబిన్‌ను తక్కువగా తింటుంది, కాబట్టి మందు తక్కువగా రాజుకుంటుంది. దీన్ని పాక్షిక నిరోధకత అంటారు. మందు పూర్తిగా విఫలం కాదు, నెమ్మదిస్తుంది. కాని పై లెక్కలో పదివేలకు బదులు పది లక్షలు మిగిలితే తోడు మందు మీద భారం ఎంత పెరుగుతుందో ఊహించండి. కంబోడియాలో జరిగింది అదే. తోడుగా ఉన్న పైపెరాక్విన్‌కు కూడా నిరోధకత వచ్చాక, అక్కడా చుట్టుపక్కల ప్రాంతాల్లోనూ ఆ జత సగం మంది రోగుల్లో విఫలమైంది. ఇప్పుడు కెల్చ్13 మార్పులు రువాండా, ఉగాండా, ఎరిత్రియా, టాంజానియాల్లో స్వతంత్రంగా పుట్టి వ్యాపిస్తున్నాయి. ఆఫ్రికాలో ల్యూమెఫాంట్రిన్ ఇంకా గట్టిగానే నిలబడింది. అది కూడా బలహీనపడితే వెంటనే ఆ స్థాయిలో వాడగలిగినవి చాలా తక్కువ. కొత్త మందులు ఎందుకు అన్న ప్రశ్నకు నా సమాధానం ఇదే.

ఇక కొత్తవి ఎలా వెతుకుతారు అన్నది. 1976లో ట్రేగర్, జెన్సెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫాల్సిపారంను మనిషి ఎర్రరక్తకణాల్లో, గాజుపాత్రలో నిరంతరంగా పెంచే పద్ధతి కనిపెట్టారు. తక్కువ ఆక్సిజన్ కావాలి కాబట్టి మూతపెట్టిన పాత్రలో కొవ్వొత్తి వెలిగించి దాన్ని ఆరిపోనిచ్చేవారు. ఇంత సాదా ఉపాయం మీద ఒక రంగమంతా నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ పద్ధతి ఉంది కాబట్టే లక్షల రసాయనాలను యంత్రాల సాయంతో పరీక్షించడం సాధ్యమైంది. 2010లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ తన దగ్గరున్న సుమారు 20 లక్షల రసాయనాలను ఇలా జల్లెడపట్టి, పరాన్నజీవి పెరుగుదలను ఆపే 13,533 రసాయనాల వివరాలను అందరికీ అందుబాటులో పెట్టింది. ఒక్క సంస్థ జల్లెడలో దొరికినవే పదమూడు వేలు. అప్పటినుంచి ఇప్పటివరకు వాటిలో రోగుల దాకా చేరినవి వేళ్ల మీద లెక్కించవచ్చు.

మిగతావి ఎందుకు రాలిపోతాయి? కొన్ని నీటిలో కరగవు, కడుపులోంచి రక్తంలోకి చేరవు. కొన్నింటిని కాలేయం గంటలోపే విరగ్గొట్టేస్తుంది. కొన్ని గుండె లయను చెడగొడతాయి. హాలోఫాంట్రిన్ అనే మంచి మలేరియా మందు ఇలాగే వాడుకలోంచి తప్పుకుంది. కొన్ని జంతువుల్లో గర్భస్థ పిండానికి హాని చేస్తాయని తేలుతుంది. కేన్సర్ మందుకైతే దీన్ని కొంత సహించవచ్చు గాని, గర్భం ఉన్నదీ లేనిదీ తెలియని స్థితిలో కోట్ల మంది స్త్రీలు వేసుకునే మందుకు కుదరదు. ఇవన్నీ దాటినవాటికి మరో పరీక్ష ఉంది, అది మలేరియాలో ప్రత్యేకం: ఎంత త్వరగా నిరోధకత వస్తుంది అని. ప్రయోగశాలలో కోట్ల సంఖ్యలో పరాన్నజీవులను మందుకు గురిచేసి, ఎన్నింటిలో ఒకటి తప్పించుకుంటుందో ముందే కొలుస్తారు. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. అటోవాకోన్‌ను తొలి రోజుల్లో ఒంటరిగా ఇచ్చినప్పుడు సుమారు మూడోవంతు రోగులకు జబ్బు తిరగబెట్టింది, పరాన్నజీవి మైటోకాండ్రియా జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం దానికి చాలింది. డీఎస్ఎం265 అనే కొత్త మందును పెరూలో రోగుల మీద పరీక్షించినప్పుడు, జబ్బు తిరగబెట్టినవారిలో మందు గురిచేసిన ఎంజైమ్‌లోనే మార్పులు కనిపించాయి. ఒకే ఎంజైమ్‌కు గురిపెట్టిన మందు ఎంత శక్తిమంతమైనదైనా ఒంటరిగా నిలవదు.

ఇక్కడ ఒక కల గురించి చెప్పాలి. ఒక దశాబ్దం పాటు ఈ రంగం అంతా ఒకే మోతాదుతో జబ్బును నయంచేసే మందు కోసం పాకులాడింది. ఆరోగ్య కార్యకర్త ఎదుటనే ఒక్కసారి మింగిస్తే చాలు, కోర్సు మధ్యలో మానేయడం అన్న సమస్యే ఉండదు. ఆలోచన గొప్పది. దానికోసం ఆర్టెఫెనోమెల్ అనే కృత్రిమ పెరాక్సైడ్ మందును, మొదట పైపెరాక్విన్‌తో, తరువాత ఫెరోక్విన్‌తో జతచేసి చాలా దూరం తీసుకెళ్లారు. అయితే ఒకే మోతాదులో పది రోజుల పని చేయించాలంటే మందు చాలా ఎక్కువ పరిమాణంలో ఇవ్వాలి. చిన్నపిల్లలు దాన్ని వాంతి చేసుకునేవారు, ఆశించిన 95 శాతం నయం కూడా అందలేదు, పథకం ఆగిపోయింది. నా అభిప్రాయంలో ఆ కల కోసం మూడు రోజుల మందులను కొంతకాలం నిర్లక్ష్యం చేయడం పొరపాటు. మూడు రోజులు రోజుకొకసారి వేసుకునే మంచి మందు ఉంటే ప్రస్తుత అవసరం చాలావరకు తీరుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్‌ను మూడు రోజుల్లో ఆరుసార్లు, అదీ కొంత కొవ్వున్న ఆహారంతో వేసుకోవాలి, లేకపోతే ల్యూమెఫాంట్రిన్ రక్తంలోకి సరిగా చేరదు. జ్వరంతో ఏమీ తినని బిడ్డకు ఇది ఎంత కష్టమో చెప్పనవసరం లేదు.

అందుకే ప్రస్తుతం అందరి చూపూ గానాప్లాసైడ్-ల్యూమెఫాంట్రిన్ జత మీద ఉంది. నోవార్టిస్ సంస్థ, జెనీవా కేంద్రంగా 1999లో ఏర్పడిన మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్‌తో కలిసి దీన్ని రూపొందించింది. ఆర్టెమిసినిన్ జాతితో సంబంధం లేని రసాయన వర్గానికి చెందిన గానాప్లాసైడ్ రక్తదశ మీద, కాలేయదశ మీద, గామెటోసైట్ల మీద కూడా పనిచేస్తుంది. ల్యూమెఫాంట్రిన్‌ను రోజుకొకసారి ఇస్తే సరిపోయేలా కొత్తగా తయారుచేశారు. పన్నెండు ఆఫ్రికా దేశాల్లో జరిగిన మూడో దశ పరీక్షల ఫలితాలను 2025 నవంబరులో ప్రకటించారు. నయమైనవారు కొత్త మందుతో 97.4 శాతం, ఇప్పటి మందుతో 94 శాతం. ఇది నిజంగా సంతోషించవలసిన వార్త. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ జతలో రెండో సగం ఇప్పటికే ఆఫ్రికా అంతటా వాడుకలో ఉన్న ల్యూమెఫాంట్రిన్. ఆర్టెమీథర్ బలహీనపడ్డ కొద్దీ ఒత్తిడి పడుతున్నది దాని మీదే. కొత్త మందు చేతికి వచ్చేసరికి దాని తోడు అలసిపోయి ఉంటే, గానాప్లాసైడ్ ఒంటరిగా మిగులుతుంది, దానికి నిరోధకత తెచ్చే మార్పులు ప్రయోగశాలలో ఇప్పటికే తెలుసు. రెండు సగాలూ కొత్తవైన జత రావాలి. పరాన్నజీవి ప్రోటీన్ల తయారీనే ఆపే కాబామిక్విన్ వంటివి ఆ వరుసలో ఉన్నాయి. పరాన్నజీవి సోడియంను బయటికి తోడే పంపును అడ్డుకునే సిపార్గమిన్‌ను తీవ్ర మలేరియాకు ఇంజక్షన్‌గా పరీక్షిస్తున్నారు. తీవ్ర మలేరియాలో క్వినైన్‌కు బదులు ఆర్టెసునేట్ ఇంజక్షన్ వాడితే మరణాలు ఆసియాలో 35 శాతం, ఆఫ్రికా పిల్లల్లో 22.5 శాతం తగ్గాయని 2005లో, 2010లో వెలువడిన పెద్ద పరీక్షలు చూపాయి. దానికి ప్రత్యామ్నాయం లేకుండా ఉండడం నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించే విషయం.

కొత్తవి వచ్చేలోపు పాతవాటినే తెలివిగా కలపడం ఒక దారి. ఆర్టెమిసినిన్‌కు ఒకటికి బదులు రెండు తోడు మందులు ఇవ్వడం. ఇందులో ఒక చమత్కారం ఉంది. ల్యూమెఫాంట్రిన్‌ను తట్టుకోవడానికి పరాన్నజీవికి పనికివచ్చే జన్యుమార్పులే దాన్ని అమోడియాక్విన్‌కు సులువుగా లొంగేలా చేస్తాయి, అమోడియాక్విన్‌ను తట్టుకునేవి ల్యూమెఫాంట్రిన్‌కు లొంగుతాయి. రెండూ కలిపి ఇస్తే పరాన్నజీవికి ఎటు వెళ్లినా నష్టమే. పైపెరాక్విన్, మెఫ్లోక్విన్‌ల మధ్య కూడా ఇలాంటి సంబంధమే కనిపించింది. 2020లో వెలువడిన ఫలితాల్లో డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపెరాక్విన్ 48 శాతం మందిలోనే పనిచేసిన ప్రాంతాల్లో, దానికి మెఫ్లోక్విన్ చేర్చగానే 98 శాతం మందికి నయమైంది. మాత్ర పెద్దదవుతుంది, వాంతులు కొంత పెరుగుతాయి, ధర పెరుగుతుంది. అయినా మధ్యంతర ఏర్పాటుగా దీన్ని నేను సమర్థిస్తాను.

కాలం ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు ఇక్కడే మరో జవాబు కూడా ఉంది. మలేరియా మందు పనిచేసిందో లేదో తేల్చడం చూసినంత తేలిక కాదు. మందు ఇచ్చిన తరువాత 28 రోజులు, ఎక్కువకాలం నిలిచే మందైతే 42 రోజులు రోగిని గమనించాలి. ముప్ఫయ్యో రోజున మళ్లీ పరాన్నజీవులు కనిపిస్తే అవి పాతవే మిగిలిపోయి పెరిగాయా, లేక ఈలోపు కొత్త దోమ కుట్టిందా అన్నది తేల్చుకోవాలి. మొదటిది మందు వైఫల్యం, రెండోది కాదు. దానికోసం చికిత్సకు ముందు తీసిన రక్తంలోనూ తరువాతి రక్తంలోనూ పరాన్నజీవుల జన్యు గుర్తులను పోల్చి చూస్తారు. ఒకే మనిషిలో ఒకేసారి అయిదారు రకాల పరాన్నజీవులు ఉండే ప్రాంతాల్లో ఈ పోలిక చాలా చిక్కుగా ఉంటుంది, పద్ధతి మారితే ఫలితం కొన్ని శాతాలు మారుతుంది. కొత్త మందు కనీసం 95 శాతం నయం చేయాలని, వాడుకలో ఉన్న మందు వైఫల్యం 10 శాతం చేరితే దాన్ని మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టుకున్నప్పుడు ఆ కొన్ని శాతాలే మందు తలరాతను నిర్ణయిస్తాయి.

పెద్దల్లో పరీక్షలు ముగిశాక వయసు తగ్గిస్తూ పిల్లల దాకా రావాలి. పసిపిల్లల కాలేయం మందును పెద్దల కాలేయంలా విరగ్గొట్టదు కాబట్టి, మాత్రను సగం చేసి ఇవ్వడం లెక్క ప్రకారం సరిపోదు. ఐదు కిలోల లోపు బరువున్న శిశువుల కోసం ప్రత్యేకంగా పాళ్లు మార్చి తయారుచేసిన ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్‌కు మొదటి అనుమతి 2025 జులైలో స్విట్జర్లాండ్‌లో వచ్చింది. అంతవరకు పెద్దపిల్లల మందునే అంచనా మీద ఇచ్చేవారు. గర్భిణుల విషయంలో ఇంకా ఆలస్యం. తొలి మూడు నెలల్లో ఆర్టెమీథర్-ల్యూమెఫాంట్రిన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. గర్భిణులను పరీక్షల్లో చేర్చుకోరు కాబట్టి, తెలియక వేసుకున్నవారి వివరాలు ఏళ్ల తరబడి పోగుచేసి గాని ఆ మాట చెప్పలేకపోయారు.

ఇక మూడో ప్రశ్న, నివారణ. జబ్బుపడ్డవాడికి ఇచ్చే మందులో వెయ్యిమందిలో ఒకరికి చెడు చేసే గుణం ఉన్నా, జబ్బు వల్ల చావు తప్పుతుంది కాబట్టి కొంత ఓర్చుకుంటాం. నివారణ మందు వేసుకునేవాడు ఆరోగ్యవంతుడు. అతనికి చెడు జరిగితే దానికి మందే కారణం. అందుకే చికిత్సకు సరిపోయే చాలా మందులు నివారణకు పనికిరావు. యాత్రికులకు ఇచ్చే మెఫ్లోక్విన్ కొందరిలో మానసిక సమస్యలు తెచ్చి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చేత అత్యంత కఠినమైన హెచ్చరిక వేయించుకుంది. మరోవైపు నివారణకు ఒక అనుకూలత కూడా ఉంది. కాలేయదశలో పరాన్నజీవులు పదుల సంఖ్యలోనే ఉంటాయి. లక్ష కోట్లలో నిరోధకత ఉన్నది ఒకటి దొరికే అవకాశం ఎక్కువ, పదుల్లో అలాంటిది దొరకడం అరుదు. కాబట్టి చికిత్సలో ఒంటరిగా విఫలమైన అటోవాకోన్, ప్రోగ్వానిల్ తోడుతో నివారణలో చక్కగా పనిచేస్తోంది.

సామూహిక నివారణలో ఇప్పటికి పెద్ద విజయం ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో జరుగుతున్నది. వానకాలంలోని మలేరియా నెలల్లో, నెలకొకసారి, ఐదేళ్ల లోపు పిల్లలకు సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌ను అమోడియాక్విన్‌తో కలిపి ఇస్తారు. 2012లో సిఫారసు చేసిన ఈ పద్ధతి ఇప్పుడు ఏటా 5 కోట్లకు పైగా పిల్లలకు అందుతోంది. ఇక్కడ మీరు గమనించవలసిన నియమం ఒకటి ఉంది: నివారణకు వాడే మందును అదే ప్రాంతంలో చికిత్సకు వాడకూడదు. ఆరోగ్యంగా ఉన్న లక్షల పిల్లల రక్తంలో ఒక మందు నెలల తరబడి తిరుగుతుంటే దానికి లొంగని పరాన్నజీవులే మిగులుతాయి. అవి జ్వరం తెప్పించినప్పుడు అదే మందు ఇచ్చి లాభమేమిటి? అందుకే అమోడియాక్విన్‌ను నివారణకు కేటాయించిన చోట చికిత్సకు ల్యూమెఫాంట్రిన్ జతను వాడతారు. జ్వరం తగ్గించే మాత్రనే ముందుగా వేసుకోవచ్చు కదా అన్న మీ ప్రశ్నకు సమాధానం ఇది: ఒక వ్యక్తి విషయంలో కొన్నిసార్లు కుదురుతుంది, ఒక ప్రాంతం మొత్తానికి మాత్రం కుదరదు.

నివారణలో మందుల పక్కనే యాంటీబాడీలు వచ్చి నిలుచున్నాయి. స్పోరోజాయిట్ ఒంటి మీదుండే ప్రోటీన్‌ను పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీని, అంటే ప్రయోగశాలలో తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీని, మాలిలో పెద్దలకు ఒక్కసారి రక్తనాళంలోకి ఎక్కిస్తే, ఎక్కువ మోతాదులో ఆరు నెలల పాటు 88.2 శాతం రక్షణ ఇచ్చిందని 2022లో ప్రచురించారు. తరువాతి తరం యాంటీబాడీని పిల్లలకు చర్మం కింద ఇంజక్షన్‌గా ఇచ్చి చూశారు, అదీ బాగానే పనిచేసింది. 2021లో ఆర్‌టీఎస్,ఎస్, 2023లో ఆర్21 టీకాలకు సిఫారసు లభించింది. ఇవేవీ మందుల అవసరాన్ని తొలగించవు, టీకా వేసుకున్న బిడ్డకూ జ్వరం వస్తుంది. డబ్బు సంగతి ఒక్క మాటలో చెప్పి ముగిస్తాను: కొనేవారు పేదలు కాబట్టి లాభాపేక్ష ఒక్కటే ఈ మందులను తీసుకురాదు, ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు, కంపెనీలు ఖర్చు పంచుకున్నప్పుడే ఏదైనా ముందుకు కదిలింది.

చివరగా, మీ ప్రశ్నలో లేకపోయినా వైవాక్స్ మలేరియా గురించి చెప్పకపోతే సమాధానం అసంపూర్ణం. ఈ రకం పరాన్నజీవి కాలేయంలో హిప్నోజాయిట్ అనే నిద్రాణ రూపంలో వారాలు, నెలలు దాక్కొని మళ్లీ మళ్లీ జ్వరం తెప్పిస్తుంది. దాన్ని చంపగలిగినవి ఇప్పటికీ ఒకే రసాయన వర్గం మందులు: 1950ల నాటి ప్రైమాక్విన్, 2018లో అనుమతి పొందిన టాఫెనోక్విన్. ప్రైమాక్విన్‌ను సాధారణంగా 14 రోజులు వేసుకోవాలి. టాఫెనోక్విన్ ఒక్క మోతాదు చాలు, అది సగానికి తగ్గడానికి రెండు వారాలు పడుతుంది. ఆ సౌకర్యంలోనే ప్రమాదమూ ఉంది. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంది, వారిలో ఈ వర్గం మందులు ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. ప్రైమాక్విన్‌తో మూత్రం నల్లబడితే మందు ఆపవచ్చు. టాఫెనోక్విన్ మింగాక వెనక్కి తీసుకోలేం. కాబట్టి దాన్ని ఇచ్చే ముందు ఎంజైమ్ ఉందో లేదో కాకుండా, 70 శాతానికి మించి ఉందా అన్నది కొలిచి చెప్పే పరికరం ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. ఇదే లోపాన్ని తక్కువగా అంచనా వేసినందువల్ల డాప్సోన్ కలిసిన ల్యాప్‌డాప్ అనే మందును 2003లో తెచ్చి 2008లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. టాఫెనోక్విన్‌ను క్లోరోక్విన్‌తో ఇస్తే పనిచేస్తుంది గాని, డైహైడ్రోఆర్టెమిసినిన్-పైపెరాక్విన్‌తో ఇచ్చినప్పుడు ఆశించిన ఫలితం రాలేదని ఇండోనేషియా సైనికుల మీద చేసిన పరీక్షలో తేలింది. వైవాక్స్‌ను ఫాల్సిపారంలా గాజుపాత్రలో నిరంతరం పెంచడం ఇంతవరకు సాధ్యం కాలేదు. రోగి రక్తం తాగించిన దోమల నుంచి స్పోరోజాయిట్లు తీసి, మనిషి కాలేయ కణాల్లోకి ఎక్కించి, కొన్ని వారాలు కాపాడుతూ ఒక్కో రసాయనాన్ని పరీక్షించాలి. ఫాల్సిపారంకు ఒక వారంలో లక్ష రసాయనాలు చూడగలిగితే, ఇక్కడ ఒక మలేరియా సీజనంతా పనిచేసి కొన్ని వందలే చూడగలం. జీ6పీడీతో సంబంధం లేకుండా హిప్నోజాయిట్‌ను చంపే మందు ఇంకా దొరకకపోవడానికి ప్రధాన కారణం అదే.